అలంకారం విప్పి చూస్తే

అమెరికా హైస్కూళ్ళలో పదకొండో తరగతికి వచ్చిన పిల్లలు చాలామంది ‘ఏపీ లాంగ్’ అనే కోర్సు తీసుకుంటారు. ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. బళ్ళో ఉండగానే కాలేజీ స్థాయి ఇంగ్లీషు చదివించి, మే నెలలో కాలేజ్ బోర్డు వాళ్ళు అందరికీ ఒకే పరీక్ష పెట్టి, 1 నుంచి 5 దాకా స్కోరు ఇస్తారు. ఈ కోర్సులో కథలూ కవితలూ తక్కువ. ఉపన్యాసాలు, ఉత్తరాలు, వ్యాసాలు ఎక్కువ. అన్నీ ఎవరో ఇంకెవరినో ఒప్పించడానికి రాసినవే. ఎలా ఒప్పించారో, ఏ మాట ఎక్కడ పెట్టి ఒప్పించారో విడమరిచి చెప్పడం పిల్లల పని.

మా అమ్మాయి ఈ ఏడు ఆ కోర్సులో ఉంది. బడి తెరిచిన కొత్తల్లోనే ఒక పట్టిక ఇంటికి తెచ్చుకుంది. అనాఫొరా, ఎపిస్ట్రఫీ, కయాజ్మస్, అసిండిటన్, లైటటీజ్, జూగ్మా, సినెక్‌డకీ. దాదాపు అన్నీ గ్రీకు పేర్లు. కార్డుకు ముందువైపు పేరు, వెనకవైపు నిర్వచనం రాసుకుని, భోజనాల బల్ల దగ్గర కూడా తిప్పి తిప్పి చదివేది. మాకు తెలిసిన తల్లిదండ్రులు కొందరు ఈ పేర్ల చదువంటే పెదవి విరుస్తారు. పేర్లు బట్టీ పడితే రాయడం వస్తుందా అంటారు. నాకు మాత్రం ఆ కార్డులు చూస్తే సంతోషం వేసింది. అందుకు కారణం మా తెలుగు మాస్టారు.

తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో, తెలుగు మీడియంలో చదువుకున్నదాన్ని నేను. మాస్టారు పద్యం రాగంతో చదివి, అర్థం చెప్పి, తాత్పర్యం చెప్పి, ఆ తరువాత పుస్తకం మూసేసి అలంకారం అడిగేవారు. పేరు చెబితే సరిపోయేది కాదు. లక్షణం చెప్పాలి, పద్యంలో అది ఎక్కడుందో వేలు పెట్టి చూపించాలి, సమన్వయం చెయ్యాలి. ఉపమ అయితే ఉపమేయం ఏది, ఉపమానం ఏది, రెండింటికీ సమానధర్మం ఏది, ఉపమావాచకం ఏది అని నాలుగూ విడదీయాలి. ఒక పాదం చివర వదిలిన పదాన్ని తరువాతి పాదం మొదట మళ్ళీ అందుకుంటే ముక్తపదగ్రస్తం. ఆ పేరు తెలియక ముందు కూడా అలాంటి పద్యాలు చెవికి ఇంపుగానే ఉండేవి. తెలిశాక మాత్రం అది హరికథల్లో వినిపించింది, పెద్దవాళ్ళ మాటల్లో వినిపించింది, ఎన్నికల మైకుల్లో కూడా వినిపించింది. రాగం పేరు తెలియనివాళ్ళకు కూడా పాట బాగుంటుంది. పేరు తెలిసినవాళ్ళకు అదే రాగం ఇంకో పాటలో ఎదురైనప్పుడు గుర్తు పట్టే వీలుంటుంది. అలంకారం పేరు చేసేది కూడా ఆ మేలే. మా అమ్మాయి కార్డుల్లో అనడిప్లోసిస్ అనే కార్డు వెనక్కి తిప్పి చూస్తే, మాస్టారు చెప్పిన ముక్తపదగ్రస్తం లక్షణమే ఉంది.

పేర్లు పెట్టాలన్న తపన ఇటు వాళ్ళకీ అటు వాళ్ళకీ ఒకేలా ఉండేది. భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పినవి నాలుగే అలంకారాలు: ఉపమ, రూపకం, దీపకం, యమకం. 16వ శతాబ్దంలో అప్పయ్య దీక్షితులు కువలయానందం రాసేనాటికి అవి వంద దాటాయి. ఆ పుస్తకం అలంకారాల్లోకి కొత్తగా దిగే పిల్లల కోసమే రాసింది. అందులో చాలా శ్లోకాలకు మొదటి సగం లక్షణం, రెండో సగం ఉదాహరణ. మా అమ్మాయి కార్డుకు రెండు వైపులు ఉన్నట్టే. అదే శతాబ్దంలో ఇంగ్లండులో హెన్రీ పీచమ్ 1577లో ఒక అలంకారాల పుస్తకం అచ్చు వేశాడు. 1589లో జార్జ్ పటెన్‌హామ్ ఇంకో అడుగు ముందుకు వేసి, ఈ గ్రీకు పేర్లన్నిటికీ సొంత ఇంగ్లీషు పేర్లు పెట్టాలని చూశాడు. హైపర్బలీని గట్టిగా అబద్ధమాడేవాడు అన్నాడు. ఒకే మాటను వెంటవెంటనే పలకడాన్ని కోకిల కూతతో పోల్చి పేరు పెట్టాడు. ఎంత ముచ్చటైన పేర్లో! అవేవీ నిలవలేదు, గ్రీకు పేర్లే మిగిలాయి. అవి నిలిచి ఉంటే ఇవాళ పదహారేళ్ళ పిల్లలకు ఈ చదువంటే సగం భయం తగ్గేదని నా నమ్మకం.

ఆ రోజుల్లో పేర్లతో పాటు చేయించిన ఇంకో పని నాకు పేర్ల కంటే నచ్చుతుంది. ఎరాస్మస్ 1512లో అచ్చు వేసిన పాఠ్యపుస్తకంలో ఒక మామూలు వాక్యం తీసుకున్నాడు. మీ ఉత్తరం చూసి చాలా సంతోషించాను అనే అర్థం వచ్చే వాక్యం. దాన్ని వందకు పైగా రకాలుగా తిరగరాసి చూపించాడు. ఒకటి సాదాగా, ఒకటి అతిశయోక్తితో, ఒకటి ప్రశ్నగా, ఒకటి నిరాకరణతో. ఆ పేజీలు చదివితే, మన ముందున్న ప్రతి వాక్యం వెనక రాసినాయన వదులుకున్న వాక్యాలు ఎన్నో ఉన్నాయని తెలుస్తుంది. వదులుకున్నది ఏమిటో తెలియకపోతే, ఎంచుకున్నదాని విలువ తెలియదు. అందుకే మా ఇంట్లో ఒక అలవాటు చేసుకున్నాం. అలంకారం కనబడగానే దాన్ని విప్పేయాలి. సాదా వాక్యంగా మార్చి పైకి చదవాలి. ఏం పోయిందో చూడాలి. పోయినదే సమన్వయం.

మార్టిన్ లూథర్ కింగ్ బర్మింగ్‌హామ్ జైలు నుంచి రాసిన ఉత్తరంతో ఇది బాగా తెలిసొచ్చింది. 1963 ఏప్రిల్. అలబామాలో ఎనిమిది మంది తెల్లజాతి మతపెద్దలు పత్రికలో ఒక ప్రకటన ఇచ్చారు. ఈ ఊరేగింపులు తొందరపాటు, సమయం కాదు, ఓపిక పట్టండి అన్నది దాని సారం. కింగ్ జైల్లో ఆ పత్రిక అంచుల మీదే జవాబు రాయడం మొదలుపెట్టాడు. అందులో మూడు వందల మాటలు దాటిన ఒకే ఒక్క వాక్యం ఉంది. మూకలు తమవాళ్ళను చంపడం కళ్ళారా చూసినప్పుడు, ఊరు దాటి వెళ్తే ఏ మోటెల్లోనూ గది దొరక్క కారులోనే పడుకోవలసి వచ్చినప్పుడు, టీవీలో చూసిన వినోదాల పార్కుకి తనను ఎందుకు రానివ్వరో ఆరేళ్ళ కూతురికి చెప్పలేక నాలుక తడబడినప్పుడు, ఇలా ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతాడు. ప్రధాన వాక్యం రాదు. చదివేవాడు దానికోసం ఎదురుచూస్తూ ఉంటాడు. చిట్టచివర, అప్పుడు మీకు అర్థమవుతుంది మేమెందుకు ఆగలేకపోతున్నామో, అనే అర్థం వచ్చే చిన్న మాటతో వాక్యం ముగుస్తుంది.

ఇలాంటిదాన్ని పీరియాడిక్ సెంటెన్స్ అంటారు. మొదట్లో వచ్చే మాటే మళ్ళీ మళ్ళీ వస్తే అనాఫొరా. మా అమ్మాయి కార్డుల్లో రెండూ ఉన్నాయి, రెండూ అంచున రాసుకుంది. ఇక విప్పమన్నాను. చివరి మాటను తీసుకొచ్చి ముందు పెట్టింది. మేం ఆగలేం, ఎందుకంటే ఇది జరుగుతోంది, ఇది జరుగుతోంది, ఇది జరుగుతోంది. పైకి చదివి తనే ఆగిపోయింది. “ఇప్పుడిది కంప్లైంట్ల లిస్టులా ఉందమ్మా” అంది. అవును. ఓపిక పట్టమన్న పెద్దమనుషులను కింగ్ ఆ వాక్యంలో కూర్చోబెట్టి ఓపిక పట్టించాడు. ఒక వాక్యమంత సేపు ఆగడమే ఇంత కష్టంగా ఉంటే, తరతరాలుగా ఆగిన మనుషుల మాటేమిటి? ఈ ప్రశ్న ఆయన ఎక్కడా అడగలేదు. వాక్యం కట్టిన తీరే అడిగింది. పీరియాడిక్ అనే పేరు మాత్రమే రాసి ఊరుకుంటే ఈ సంగతి దొరకదు. పేరు అసలు తెలియకపోతే ఆ చోట ఆగడమే ఉండదు.

ఆ వాక్యాన్నే అక్కడికక్కడ తెలుగులో చెప్పి వినిపించాను. ఇంగ్లీషులో అంత ప్రయాసతో కట్టిన వాక్యం తెలుగులో సునాయాసంగా ఒదిగిపోయింది. తెలుగులో క్రియ ఎలాగూ చివరే వస్తుంది. ‘...నప్పుడు, ...నప్పుడు’ అంటూ ఎంత దూరమైనా సాగదీసి, చివరకు ఒక్క క్రియతో ముడి వేయడం మన పురాణాల్లో వచనం నుంచి మన ఇళ్ళలో కబుర్ల దాకా ఉన్నదే. వినేవాళ్ళను చివరిదాకా ఆపడం మన భాషకు రోజువారీ నడక. మనవాళ్ళు మాటకు ఊపు తేవాలనుకుంటే దీన్ని తలకిందులు చేస్తారు. క్రియను ముందుకు లాక్కొస్తారు. “వచ్చింది వాన!” “చెప్పానా లేదా నీకు?” “పోయాడు, మళ్ళీ పోయాడు వాడు.” ఇంగ్లీషు చెవికి క్రియ చివర రాకపోవడం మామూలే. తెలుగు చెవికి ఇందులో ఉలికిపాటు ఉంది.

ఇక్కడ నాకు ఈ చదువు గురించి అంతకు ముందు పట్టని సంగతి ఒకటి పట్టింది. అలంకారం అన్నది మామూలు మాట నుంచి పక్కకు జరగడం. ఎంత జరిగిందో తెలియాలంటే మామూలు మాట ఏదో ముందు తెలిసి ఉండాలి. ఆ మామూలు ఒక్కో భాషకు ఒక్కోచోట ఉంటుంది. ఇంగ్లీషులో మూడు పేర్లు వరసగా చెబితే ఆఖరిదానికి ముందు ‘అండ్’ ఉండాలి. అది తీసేస్తే అసిండిటన్, ఒక పరుగు వస్తుంది. ప్రతిదాని మధ్యా పెడితే పాలీసిండిటన్, ఒక బరువు వస్తుంది. తెలుగులో అమ్మా నాన్నా వచ్చారు అంటాం. ‘మరియు’ ప్రభుత్వ ప్రకటనల్లోనూ శుభలేఖల్లోనూ తప్ప నోట రాదు. లేనిదాన్ని ఏం తీసేస్తాం? అలాగే ఒకే మాటను రెండుసార్లు పలకడం ఇంగ్లీషులో అలంకారం. దానికి ఎపిజూక్సిస్ అని గంభీరమైన పేరు. తెలుగులో అది వ్యాకరణం. రెండోసారి పలికిన మాటకు ఆమ్రేడితం అని పేరు పెట్టి సంధి ప్రకరణంలో చేర్చారు. పగలు పగలు కలిసి పట్టపగలు, ఎదురు ఎదురు కలిసి ఎట్టెదురు అవుతాయి. రోజు మొత్తంలో మనం వేడివేడిగా తిని, గబగబా నడిచి, మెల్లమెల్లగా మాట్లాడతాం. ఎవరికీ అది అలంకారం అనిపించదు.

నేను ఇంగ్లీషు పెద్దయ్యాక పుస్తకాల్లోంచి నేర్చుకున్నాను. ఎన్నేళ్ళు ఇక్కడ ఉన్నా, ఇంగ్లీషు వాక్యం ఎక్కడ పక్కకు జరిగిందో నా చెవి ఒక్కోసారి చెప్పదు, కంటితో వెతకాలి. మా అమ్మాయి చెవికి అది వెంటనే తెలుస్తుంది. తెలుగు దగ్గరికి వస్తే ఇది తిరగబడుతుంది. ఒక వేసవిలో ఊళ్ళో మా అమ్మ వంటింట్లోంచి “బియ్యం నిండుకున్నాయి, ఎవరైనా కొట్టుకి వెళ్తారా” అని కేకేసింది. మా అమ్మాయికి ఏమీ అర్థం కాలేదు. డబ్బా నిండి ఉంటే కొట్టుకి ఎందుకని అడిగింది. ఇంట్లో బియ్యం లేవన్న మాట నోటితో అనకూడదని అమ్మ అలా అంటుందని, దీపం ఆరితే కొండెక్కింది అంటామని, ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు వెళ్తాను అనకుండా వెళ్ళొస్తాను అంటామని చెప్పాను. కాసేపు ఆలోచించి “అమ్మమ్మ యూఫెమిజంలో మాట్లాడుతుందన్నమాట” అంది. ఆ అమెరికా కార్డు లేకపోతే అమ్మమ్మ మాట ఆ పిల్లకు వింత మాటగానే మిగిలిపోయేది. మా అమ్మకు యూఫెమిజం అనే పేరు తెలియదు, అవసరమూ లేదు. మనవరాలికి అవసరం.

ఎందుకలా అన్నారు, తిన్నగా ఎందుకు అనలేదు? ఈ ప్రశ్నను మన ఆలంకారికులు ఎంత పట్టుదలగా అడిగారో చూస్తే నాకు గర్వంగా ఉంటుంది. 11వ శతాబ్దంలో కాశ్మీరంలో మమ్మటుడు కావ్యప్రకాశం రాశాడు. లక్షణావృత్తికి మన శాస్త్రం ఇచ్చే ఉదాహరణ గంగలో గొల్లపల్లె అనే మాట. నీళ్ళలో పల్లె ఉండదు. కాబట్టి మొదటి అర్థం కుదరదు. గంగకు ఆనుకుని ఒడ్డు ఉంది కాబట్టి ఒడ్డు అనే అర్థం తెచ్చుకుంటాం. అక్కడితో చాలామంది ఆగిపోతారు. మమ్మటుడు ఆగడు. ముఖ్యార్థం దెబ్బతినాలి, తెచ్చుకున్న అర్థానికి దానితో సంబంధం ఉండాలి, ఆ పైన లోకంలో పడిన వాడుకైనా ఉండాలి, లేదంటే ఒక ప్రయోజనం ఉండాలి అంటాడు. గంగ ఒడ్డున పల్లె అంటే చాలదా? చాలదు. గంగలో పల్లె అన్నప్పుడు ఆ చల్లదనం, ఆ పావనత్వం పల్లెకు కూడా అంటుతాయి. ఒడ్డున అన్నప్పుడు అవి అంటవు. అదీ ప్రయోజనం. విప్పి చూస్తే పోయేది అదే.

ఏపీ లాంగ్ పరీక్షలో ఒక ఉత్తరమో ఉపన్యాసమో ఇచ్చి విశ్లేషించమనే వ్యాసానికి 6 పాయింట్లు. ఒక స్పష్టమైన ప్రతిపాదన చేసినందుకు 1, ఆధారాలూ వాటి వివరణా కలిపి 4, లోతుకు 1. అలంకారం పేరు చెప్పినందుకు విడిగా ఏమీ లేదు. మా అమ్మాయికి ఇది తెలిసిన రోజున, అయితే ఈ కార్డులన్నీ ఎందుకని అడిగింది. ఆ 4 పాయింట్లు ప్రయోజనానికి ఇస్తున్నారు, ప్రయోజనం వెతకాలంటే ఎక్కడ వెతకాలో తెలియాలి, కార్డులు ఆ చోటు చూపిస్తాయి అన్నాను. ఈ చదువులో నాకు నచ్చనిది కూడా ఒకటుంది. అరిస్టాటిల్ చెప్పిన మూడు మాటలు ఈథోస్, పేథోస్, లోగోస్ పిల్లల చేతుల్లో ఇట్టే అరిగిపోతాయి. రచయిత పేథోస్ వాడి పాఠకుల భావోద్వేగాలను తాకాడు అని రాస్తారు. పేథోస్ అంటేనే అది. అంటే ఉపమను వాడి పోల్చాడు అని రాసినట్టు. ఏ భావం, ఎవరిలో, ఎందుకిప్పుడు? ఈ మూడూ రాయని వాక్యాన్ని కొట్టేయమని నేను గట్టిగానే చెబుతాను.

2014 పరీక్షలో ఇచ్చిన ఉత్తరం ఒకటి మొన్న మా అమ్మాయి అభ్యాసానికి తీసుకుంది. అబిగైల్ ఆడమ్స్ 1780 జనవరిలో తన కొడుకు జాన్ క్విన్సీకి రాసింది. అతనికి పన్నెండేళ్ళు. తండ్రితో పాటు రెండోసారి అట్లాంటిక్ దాటి ఐరోపా వెళ్ళాడు, ఇష్టం లేకుండానే వెళ్ళాడు. తల్లి బలవంతం చేసింది. అమెరికా స్వాతంత్ర్యం కోసం ఇంకా యుద్ధం జరుగుతోంది, సముద్రం మీద బ్రిటిష్ ఓడలు తిరుగుతున్నాయి. నీ వయసుకు ఇన్ని సదుపాయాలు దొరికాయి కాబట్టి అందుకు తగ్గట్టు ఎదగాలని నీ నుంచి ఆశించడం జరుగుతుంది అనే ధోరణిలో రాస్తుంది. మా అమ్మాయి పెన్సిల్ అక్కడ ఆగింది. ఆశించేది ఎవరు? నేను అని రాయలేదు. కర్మణి ప్రయోగం వెనక దాక్కుంది అని ఆమె వాదన. దేశమంతా ఆశిస్తోందని పిల్లవాడికి అనిపించాలని రాసింది, అది దాక్కోవడం కాదు, పెంచి చూపడం అని నా వాదన. ఉత్తరం చివర్లో మాత్రం తల్లిదండ్రుల సంతోషం నీ నడవడిలో ఉందంటూ తనను ప్రేమ గల తల్లిగా చెప్పుకుంటుంది. “చూడు, ఆర్డర్ వేసేటప్పుడు కనపడదు, ప్రేమ చెప్పేటప్పుడు మాత్రం కనపడుతుంది” అంది మా అమ్మాయి. దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. ఆ మాటే వ్యాసంలో రాయమన్నాను.

ఇంకో పోలిక దగ్గర వాదన ఇంకా సాగింది. తెలివైన ప్రయాణికుడు నది లాంటివాడని, పుట్టిన చోటికి దూరమయ్యే కొద్దీ నీరు పెరుగుతుందని ఎక్కడో చదివానంటూ ఆ తల్లి రాస్తుంది. సమానధర్మం పెరగడం, అందులో సందేహం లేదు. కానీ మా అమ్మాయి ఉపమానాన్ని అక్కడితో వదలలేదు. “నది వెనక్కి రాదు కదమ్మా. కొడుకు తిరిగి రావాలని కోరుకునే తల్లి ఈ పోలిక ఎందుకు తీసుకుంటుంది?” అని అడిగింది. చెప్పని ధర్మాలను సమన్వయంలోకి లాక్కురాకూడదని నేను అన్నాను. ఉపమానాన్ని పిలిస్తే దానితో పాటు వచ్చేవన్నీ వస్తాయి అని ఆమె అంది. గంగను పిలిస్తే చల్లదనం వచ్చినట్టే కదా అనిపించి నేను వెనక్కి తగ్గాను. ఓడ ఎక్కినవాళ్ళు తిరిగి వస్తారో రారో తెలియని రోజుల్లో రాసిన ఉత్తరం అది. ఆ భయాన్ని తల్లి పైకి చెప్పదలుచుకోలేదు. పోలికలో అది ఉండిపోయింది అని మేమిద్దరం ఒక మాట మీదకు వచ్చాం.

ఆ తరువాత ఏమైందో పరీక్షకు అక్కర్లేదు. అయినా వెతికి చదివాం. జాన్ క్విన్సీ 1785 దాకా అమెరికాకు తిరిగి రాలేదు. తల్లి అంతదాకా ఆగలేదు. 1784లో తనే ఓడెక్కి సముద్రం దాటి లండన్‌లో కొడుకును కలుసుకుంది.